ఆయిల్ పైపులో మాట

నెరిడా పొద్దున లేవగానే చేసే పనులు ఐదు. పొయ్యి మీద కెటిల్ పెడుతుంది. వరండాలో బూట్లు తలకిందులు చేసి, లోపల సాలీడు దూరిందేమోనని దులుపుతుంది. బిస్కెట్ అనే కుక్కని గొలుసు విప్పి వదులుతుంది. ఆకాశం వైపు చూసి, వాన వచ్చినా రాకపోయినా ఒక తిట్టు తిడుతుంది. ఆ తర్వాత బండికి మూడు కిక్కులు కొడుతుంది. మొదటి కిక్కుకి బండి దగ్గుతుంది, రెండోదానికి సణుగుతుంది, మూడోదానికి నీలం పొగ వదిలి లేస్తుంది. ఈ ఐదు పనుల మధ్యలో ఎంత లేదన్నా ఏడెనిమిది ఆవులింతలుంటాయి. నిద్ర చాలని మనిషి అని ఆమెను చూసిన ఎవరికైనా తెలిసిపోతుంది. ఎందుకు చాలదో మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.

యాభై మూడేళ్ల నెరిడాకి తండ్రి నుంచి వచ్చినవి మూడే. బిల్గారా అనే ఈ గొర్రెల పొలం, ఎవరి మాటా వినని మొండితనం, ఈ టూ-స్ట్రోక్ బండి. పెళ్లి ఊసెత్తడానికి ఆమెకు తీరిక దొరకలేదు. తీరిక దొరికిన రోజున ఊసెత్తేవాళ్లు దొరకలేదు.

ఆ గురువారం ఐదో పని దగ్గర అంతా ఆగిపోయింది. బండి కింద నేల మీద నూనె మడుగు కట్టి ఉంది. షెడ్డు దూలం మీద రెండు తెల్ల కాకటూ చిలకలు ఏమీ ఎరగనట్టు కూర్చున్నాయి. ఒకదాని ముక్కు జిడ్డుగా మెరుస్తోంది.

"దొంగ వెధవల్లారా!" అంది నెరిడా. అవి తల మీది తురాయి విప్పి ఆమె వైపు చూశాయి. ఆయిల్ డబ్బా నుంచి పంపుకి వెళ్లే పైపుని పైన డబ్బా దగ్గర కొరికి తునకలు చేశాయి. డబ్బాలో చుక్క మిగల్లేదు.

ఈ రకం బండ్లకి పెట్రోలు వేరు, ఆయిల్ వేరు. ఆయిల్ తన డబ్బాలోంచి ఒక పైపు గుండా పంపులోకి దిగుతుంది. పంపు దాన్ని ఇంకో సన్న పైపు గుండా చుక్క చుక్కగా ఇంజనుకి అందిస్తుంది. ఆ చుక్క అందలేదా, పరిగెత్తే బండి పరిగెత్తుతూనే బిగుసుకుపోయి మనిషిని ఎత్తి కుదేస్తుంది. ఇక్కడ చూస్తే షెడ్డు పక్క దొడ్లోకి చేరినవి పోగా ఇంకా తొమ్మిది వందల గొర్రెలు దూరపు మైదానంలో ఉన్నాయి. వాటిని సాయంత్రంలోగా తోలుకొచ్చి షెడ్డు కప్పు కిందికి చేర్చాలి. గొర్రెల ఉన్ని తీసే కత్తెరవాళ్లు ఆరుగురు ముందురోజే వంటమనిషితో సహా వచ్చి దిగారు. తెల్లారుజాము నుంచి సన్నగా తుంపర పడుతోంది.

నెరిడా ఫోను తీసి క్లెమ్‌కి చేసింది. చుట్టుపక్కల అరవై కిలోమీటర్లలో బండికి జబ్బు చేస్తే ఎవరైనా క్లెమ్‌కే చేస్తారు. ఆమెకు మాత్రం నంబరు నొక్కడానికి కాస్త సమయం పట్టింది. క్లెమ్ ఆదివారం వెళ్లిపోతున్నాడు. టాస్మేనియా దీవిలో అక్కకి ఆపిల్ తోట ఉందట, రమ్మని పిలిచిందట. మంగళవారం ఆ సంగతి చెవిన పడి నెరిడా అతని గేటు దాకా వెళ్లింది. వరండాలో తాళ్లు కట్టిన పెట్టెలు చూసి, బండి దిగకుండానే వెనక్కి తిరిగింది. తిరిగే ముందు గేటు దగ్గర బండి మీద వంగి ఏదో అంది. ఏమందో ఆమెకీ బండికీ తెలుసు.

"క్లెమ్, కాకటూలు ఆయిల్ పైపు కొరికేశాయి."

అటువైపు ముందు ఆవులింత వినబడింది. తర్వాత స్పానరు కింద పడ్డ చప్పుడు.

"ఏ పైపు?" అన్నాడు క్లెమ్.

"డబ్బాలోంచి పంపుకి వెళ్లేది."

"ముట్టుకోకు. వస్తున్నా. పైపుని అసలు ముట్టుకోకు."

"ఏం, కరుస్తుందా?"

"నెరిడా, నేను వచ్చేదాకా బండికి కాస్త దూరంగా నిలబడు, నీకు పుణ్యం ఉంటుంది," అని ఫోను పెట్టేశాడు.

అతని కంగారుకి కారణం ఉంది. పైపుకి పగులు పడితే అది గాలి పీలుస్తుంది, గాలితోపాటు ఆ గాలిలో ఉన్న మాటనీ పీలుస్తుంది. మాట ఒక చిన్న బుడగై నూనెలో దిగుతూ, దిగుతూ, ఎక్కడో ఒక మూల చిక్కుకుని కూర్చుంటుంది. బండి పరుగులో ఉన్నప్పుడు ఒకటీ అరా పొగలో పడి పోయినా, ఆ రొదలో, ఆ దుమ్ములో ఎవరికీ వినబడవు. పైపు మార్చి నూనెలోని గాలి తీసినప్పుడు మాత్రం బుడగ పైకొచ్చి పగులుతుంది, పగలగానే లోపలి మాట అన్నవాళ్ల గొంతుతోనే బయటపడుతుంది. మా పాస్టరుగారి బండికి గాలి తీసిన రోజున గొర్రెల కాపరులు కూడా ఎరగని తిట్లు ఇరవై నిమిషాలపాటు వచ్చాయి. ఆ ఆదివారం చర్చిలో నిలబడటానికి చోటు లేకపోయింది.

అందుకే మా వైపు కొన్ని మర్యాదలున్నాయి. గాలి తీసేటప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు గోడవైపు తిరిగి వాతావరణం గురించి మాట్లాడుకోవాలి. బయటపడ్డ మాట బండి సొంతదారుది. విన్నవాడు దాన్ని మూడో మనిషికి చేరవెయ్యకూడదు. చేరవేశాడని తెలిస్తే వాడి బండికి ఈ ప్రాంతంలో ఎవరూ ఒక్క బోల్టు కూడా బిగించరు.

ఇక క్లెమ్ సంగతి. పోయిన చలికాలం నెరిడా మడమ విరగ్గొట్టుకుంది. ఆరు వారాలపాటు క్లెమ్ ఆమె బండి మీదే తిరిగి ఆమె నీళ్లతొట్లూ కంచెలూ చూసుకున్నాడు. మైదానం మధ్యలో, చుట్టూ పురుగు కూడా లేనిచోట, బండి ఆపుకుని ఒక మాట ఎలా అడగాలో అభ్యాసం చేశాడు. రోజూ చేశాడు. ఆరో వారం చివర నెరిడా వాకిట్లో, ఆమె కళ్లముందే బండి తుడిచి తిరిగివ్వబోతూ చూస్తే, ఆయిల్ పైపుకి వెంట్రుకంత పగులు! ఆరు వారాల మాటలూ అందులోకే వెళ్లాయని అతనికి తెలిసిపోయింది. ఆ తర్వాత ఏదో వంకతో పైపు మార్చేద్దామనుకుంటే, ఆ మొండి బండి ఏడాదిగా ఒక్కసారి కూడా రిపేరుకి రాలేదు.

క్లెమ్ వచ్చేసరికి ఉన్ని షెడ్డులో ఓటింగు నడుస్తోంది. కత్తెరవాళ్ల పద్ధతి అది. తడి గొర్రెని పట్టుకుంటే మనిషికి జ్వరం, మూటగట్టిన ఉన్నికి బూజు. అందుకని వాన పడిన రోజు ఒక్కొక్కరూ రెండేసి గొర్రెలకి ఉన్ని తీసి చూసి, తడో పొడో చీటీ మీద రాసి టోపీలో వేస్తారు. ఎక్కువమంది ఏదంటే అది. ఆ మాటకి యజమాని కూడా ఎదురు చెప్పడానికి లేదు.

ముఠా పెద్ద హేమి న్యూజిలాండ్ నుంచి వచ్చిన మావోరీ, తలుపుకి అడ్డం నిలబడితే షెడ్డులో చీకటి పడేంత మనిషి. టోపీలోంచి చీటీలు తీసి చదివాడు. "తడి. తడి. తడి. పొడి. ఎవడ్రా వీడు? తడి. తడి. బాస్, ఇవాళ్టికి అంతే. నీ గొర్రెలు తడిశాయి, మా నోళ్లు ఎండిపోయాయి. ఐరిస్, టీ!"

వంటమనిషి ఐరిస్ టీ బకెట్టూ, స్కోన్లనే వేడివేడి చిన్న రొట్టెలూ తెచ్చింది. ఆరుగురూ ఉన్ని మూటల మీద చేరగిలబడ్డారు. పనీపాటా లేని ఆరుగురి ముందు, షెడ్డు నడిమధ్యన, స్టాండు వేసిన బండి. క్లెమ్ ట్రక్కు దిగి లోపలికొచ్చి ఆ దృశ్యం చూసి టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. అతని ట్రక్కు వెనక ఆదివారానికి సర్దిన పెట్టెలు టార్పాలిన్ కింద ఉన్నాయి. నెరిడా వాటిని చూసి చూపు తిప్పుకుంది.

"ఏం లేదు నెరిడా, చాలా సులువు," అన్నాడు క్లెమ్ ఆవులిస్తూ. "ఈ పంపు పీకి పారేద్దాం. చిల్లు మూసేస్తా. ఇకమీదట పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసుకో. పైపూ లేదు, గాలీ లేదు, గొడవా లేదు."

నెరిడా నడుం మీద చేతులు పెట్టుకుంది. "పంపు పీకినవాళ్లని ఇరవై ఏళ్లుగా పశువులని తిట్టింది ఎవరు?"

"మనిషి మారకూడదా?"

"పోయిన నెలలో వాళ్లెవరో పంపు పీకారని వాళ్లింట్లో టీ కూడా తాగకుండా వచ్చేశావు."

"ఆ టీ బాగుండదు."

"కొత్త పైపు తెచ్చావా లేదా?"

క్లెమ్ అబద్ధం ఆడబోయాడు. చెయ్యి మాత్రం దానంతటదే జేబులోకి వెళ్లి చుట్టచుట్టిన కొత్త పైపు బయటికి తీసింది. పాతికేళ్ల అలవాటు మరి. "తెచ్చాననుకో," అన్నాడు.

"ఇటివ్వు. నేను చేస్తా, నువ్వు చెప్పు. ఆదివారం తర్వాత ఎలాగూ నేనే చేసుకోవాలిగా."

ఆ చివరి మాట ఆమె మామూలుగానే అనాలనుకుంది. అది కొంచెం పదునుగా వచ్చింది. క్లెమ్ తల వంచుకుని బండి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"పక్క మూత తియ్యి. కింద పంపు మీది మూతకి రెండు స్క్రూలు. పడెయ్యకు, టోపీలో వెయ్యి. ఆ క్లిప్పుని పట్టకారుతో నొక్కి వెనక్కి జరుపు. ఇప్పుడు పైపు మెల్లగా తిప్పుతూ లాగు. గుంజకు, పంపు మెడ విరుగుతుంది."

పాత పైపు ఊడి వచ్చింది. పైన కొరికిన చోట చీలికలున్నా, కింద సగం ఇంకా నూనెతో నిండుగానే ఉంది. అది నెరిడా చేతిలోంచి నేల మీద పడకముందే క్లెమ్ లాక్కుని, రెండు చివరలూ బొటనవేళ్లతో మూశాడు. అక్కడే పడి ఉన్న తీగముక్కతో రెండు వైపులా బిగించి కట్టి చొక్కా జేబులో పెట్టుకుని గుండీ కూడా పెట్టేశాడు.

"పాత పైపు నీకెందుకు?" అంది నెరిడా.

"పారెయ్యడానికి."

"చెత్తడబ్బా నీ మోచేతి పక్కనే ఉంది."

"మా ఇంట్లో దీనికంటే మంచి చెత్తడబ్బా ఉంది."

మూటల మీంచి ఎవరో కిసుక్కుమన్నారు. హేమి స్కోను కొరుకుతూ, "మా అమ్మ పెళ్లి ఉంగరాన్ని కూడా ఇంత జాగ్రత్తగా దాచుకోలేదు గురూ," అన్నాడు. క్లెమ్ పట్టించుకోలేదు. జేబు తడుముకున్నాడు. ఏడాది నుంచి గుండె మీదున్న బరువు ఇప్పుడు జేబులోకి చేరింది, ఇక భయం లేదు. అతని ముఖంలోకి రంగు వచ్చింది. గొంతు కూడా లేచింది.

"ఐరిస్, ఒక కప్పు వేడినీళ్లివ్వు తల్లీ! నెరిడా, కొత్త పైపు కొసలు అందులో ముంచు. మెత్తబడతాయి. ఇప్పుడు తొడుగు. ఆఁ, అట్లా! నీ చెయ్యి మెకానిక్ చెయ్యి. క్లిప్పులు పెట్టు. డబ్బాలో ఆయిల్ పొయ్యి, అంచు దాకా వద్దు. పంపు మీద చిన్న స్క్రూ ఉంది చూడు, దాని కింద గుడ్డ పెట్టి ఒకటిన్నర చుట్టు విప్పు. వాషరు జాగ్రత్త."

నెరిడా స్క్రూ మీద స్క్రూడ్రైవరు పెట్టి తలెత్తి చూసింది. మర్యాద తెలిసిన మనుషులు. ఆరుగురూ కప్పులు పట్టుకుని గోడవైపు తిరిగారు. ఐరిస్ కూడా తిరిగింది.

"వాన పడేట్టుంది," అన్నాడు ఒకడు.

"పడుతోందిగా," అన్నాడు ఇంకొకడు.

"ఇంకా పడేట్టుంది."

స్క్రూ సడలింది. నూనె నురగలా వచ్చింది. ఒక్కో బుడగా ఉబ్బి, చిట్లి, మాటైపోతోంది. అన్నీ నెరిడా గొంతే. "బిస్కెట్! ఇటు రా! ఇటు అంటే అటు కాదు!" "ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది, నిలబడవే, ముప్పై... ఛ, మళ్లీ మొదటికి." "దరిద్రపు గేటు." "పుట్టినరోజు శుభాకాంక్షలు నెరిడా. థాంక్యూ నెరిడా."

ఆ చివరిది విని గోడవైపు తిరిగినవాళ్లలో ఒకడు వాన సంగతి మరిచిపోయి వెనక్కి చూడబోయాడు. హేమి వాడి మెడ పట్టుకుని మళ్లీ గోడవైపు తిప్పాడు. క్లెమ్ మాత్రం ఆ మాట విన్నాడు. విని నేలవైపు చూస్తూ, గుడ్డతో పంపు తుడుస్తూ ఉండిపోయాడు. ఆమె పుట్టినరోజు అతనికి తెలుసు. ప్రతి ఏడూ ఆ రోజున ఆమెకు ఫోను చేద్దామనుకుని, ఏం అనాలో తెలియక, ఏ ట్రాక్టరు సంగతో అడగటానికి మర్నాడు చేసేవాడు.

కాసేపటికి నురగ తగ్గింది. స్వచ్ఛమైన నూనె ధారగా వచ్చింది. నెరిడా స్క్రూ బిగించింది.

"అయిపోయింది!" క్లెమ్ గబుక్కున లేచాడు. "పని పూర్తి. మూత పెట్టెయ్యి."

"పూర్తా?" నెరిడా కదల్లేదు. "ఇది డబ్బా నుంచి పంపు దాకా. పంపు నుంచి ఇంజనుకి వెళ్లే సన్న పైపు మాటేమిటి? అందులో గాలి ఉండదా?"

క్లెమ్ ఆ సన్న పైపు వైపు చూశాడు. పంపు పొట్టలో పై మూలన ఎప్పటెప్పటి గాలో ఇరుక్కుని ఉంటుంది. ఆ స్క్రూ విప్పినంత మాత్రాన అది కదలదు. ఇంజను నడుస్తుండగా పంపు కేబుల్ పూర్తిగా లాగి పట్టుకుంటేనే ఆ గాలి సన్న పైపులోకొచ్చి, ఇంజను గుండా పొగై పోతుంది. ఇదంతా అతనికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. తెలియంది ఒక్కటే. ఏడాది కిందటి ఆ మాటలు జేబులో ఉన్న పైపులో ఉన్నాయా, లేక అప్పుడే పంపులోకి దిగిపోయాయా? ఆ ఆలోచన ఇప్పుడే తట్టింది. తట్టగానే చెయ్యి మళ్లీ జేబు మీదికి వెళ్లింది.

ఉండదని ఒక్క మాట అంటే చాలు. నెరిడా నమ్ముతుంది. మూత పెట్టి, కిక్కు కొట్టి, తొమ్మిది వందల గొర్రెల వెనక మైదానంలోకి వెళ్తుంది. అక్కడ గాలి బుడగ అడ్డం పడి, చుక్క అందక, బండి పట్టేస్తే? ఇంకా సరిగ్గా అతకని మడమతో ఆమె ఆ రాళ్లలో పడితే? క్లెమ్ ఆమె బూటు వైపు చూశాడు. ఎడమ బూటు లేసు ఇంకా వదులుగానే కట్టుకుంటోంది.

"ఉంది," అన్నాడు. "అది కూడా తియ్యాలి. తియ్యకపోతే బండి నిన్ను చంపుతుంది."

"మరి ఇందాక పూర్తయిందన్నావు?"

"తప్పు చెప్పాను." అతను వెళ్లి కప్పుతో కొలిచి పెట్రోలు ట్యాంకులో కొంచెం ఆయిల్ కలిపాడు, పైపు ఖాళీగా ఉన్నంతసేపూ ఇంజను ఎండిపోకుండా. తర్వాత ఉరికంబం ఎక్కేవాడిలా బండి పక్కన కూర్చుని వేలితో కేబుల్ పట్టుకున్నాడు. "కిక్కు కొట్టు. యాక్సిలరేటర్ పెంచకు."

బండి దగ్గింది. సణిగింది. లేచింది.

క్లెమ్ కేబుల్ పూర్తిగా లాగాడు. సన్న పైపులో బుడగలు వరసగా కదిలాయి. సైలెన్సర్ లోంచి నీలం పొగ చిక్కగా లేచింది, ఆ పొగలోంచి క్లెమ్ గొంతు షెడ్డంతా వినబడింది.

"నెరిడా, నేను నిన్నొక మాట అడగాలి."

గోడవైపు తిరిగిన ఏడుగురి వీపులూ కొయ్యబారాయి.

"వద్దు, ఇలా కాదు. నెరిడా, నీ మూడో తొట్టికి చిల్లు పూడ్చాను. అన్నట్టు నన్ను పెళ్లి చేసుకుంటావా? ఛీ ఛీ, మధ్యలో తొట్టి ఎందుకొచ్చింది?"

"వాన," అన్నాడు హేమి గట్టిగా. "వాన. వానండీ." ఆ తర్వాత అతనికి వాన గురించి ఏమీ తోచలేదు.

కేబుల్ వదిలేస్తే పొగ పలచబడుతుంది, మాట ఆగిపోతుంది. క్లెమ్‌కి అది తెలుసు. సన్న పైపులో ఇంకా బుడగలున్నాయి. చెవులు ఎర్రబడి మండుతుంటే, కళ్లు ఆ పైపు మీదే పెట్టి, అతను కేబుల్ వదల్లేదు.

"నెరిడా, నాకు యాభై ఏడు. మోకాళ్లు బాగాలేవు, గురక పెడతానట, మా కుక్క చెప్పింది... కుక్క చెప్పడమేంటి, నా మొహం. నెరిడా. విను. నేను పెద్దగా మాట్లాడేవాణ్ణి కాదు. మా వరండాలోంచి ఆరు కిలోమీటర్ల అవతల నీ వంటింటి దీపం కనబడుతుంది. పదకొండేళ్లుగా అది ఆరేదాకా నేను నా దీపం ఆర్పలేదు. నువ్వు క్షేమంగా పడుకున్నావని తెలిస్తే గానీ నాకు నిద్ర రాదు. రోజూ నువ్వు చాలా ఆలస్యంగా పడుకుంటావు. అది మంచి అలవాటు కాదు. కానీ నేను ఎదురుచూస్తాను. అంతే. ఇదే అడగాలి. కాదు, ఇది అడగడం కాదుగా. సరే, రేపు మళ్లీ."

చివరి బుడగ జారి ఇంజనులోకి వెళ్లిపోయింది. సన్న పైపు నిండా నూనె నిలిచింది, మధ్యలో ఒక్క చుక్క గాలి లేదు. క్లెమ్ అప్పుడు కేబుల్ వదిలాడు. నెరిడా ఇంజను ఆపింది. రేకుల మీద తుంపర పడుతూనే ఉంది.

"గాలి మొత్తం పోయింది," అన్నాడు క్లెమ్ నేల చూపులతో. "ఇప్పుడు భయం లేదు. నేను వెళ్లొస్తా."

"ఆగు," అంది నెరిడా. "నా సొత్తు నాకిచ్చి వెళ్లు."

"ఏ సొత్తు?"

"నీ జేబులోది. బండి నాది, పైపు నాది, అందులో మాట నాది. అదే కదా పద్ధతి?"

"అందులో ఇంకేం మిగిలింది? బండి అంతా ఊరందరి ముందూ చెప్పేసిందిగా," అన్నాడు క్లెమ్.

"పోయిన ఏటి మాట ఇంకా పై పైపులోనే కూర్చుంటుందా, మెకానిక్ గారూ? అది పంపులోకి దిగి ఎన్నాళ్లో అయింది. పై పైపులో ఉండేది ఈ వారం మాట."

"ఈ వారం నేను నీ బండి ఎక్కలేదే."

"నువ్వెక్కలేదు."

క్లెమ్‌కి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఐరిస్‌కి అతనికంటే ముందే అర్థమై ఏప్రాన్ నోటికి అడ్డం పెట్టుకుంది. క్లెమ్ గుండీ విప్పి పైపు తీసి ఆమె ముందుకు చాపాడు. నెరిడా తీసుకోలేదు. ఆమె ముఖం కూడా ఎర్రబడింది.

"నువ్వే విప్పు. నేను రెండోసారి అనలేను."

క్లెమ్ పై కొసన తీగ ముడి విప్పి పైపు నిటారుగా పట్టుకున్నాడు. లోపల అడుగు నుంచి ఒక్కటే బుడగ, చిక్కటి నూనెలో తీరిగ్గా, పైకి వచ్చి అంచు మీద ఉబ్బి చిట్లింది. మంగళవారం, అతని గేటు ముందు, బండి మీద వంగి నెరిడా అన్న మాట.

"వెళ్లకు క్లెమ్. నీ దీపం ఆరాకే కదా నేను పడుకునేది. అది లేకపోతే ఇక నాకు తెల్లవార్లూ జాగారమే."

ఎవరూ గోడవైపు లేరు. ఎప్పుడు తిరిగారో తెలియదు, ఏడుగురూ ఇటే చూస్తున్నారు. క్లెమ్ నెరిడాని చూశాడు, నెరిడా క్లెమ్‌ని చూసింది. ఇద్దరికీ ఒకేసారి ఆవులింత వచ్చింది.

"ఉండండి ఉండండి," అంది ఐరిస్ వేళ్లు లెక్కపెడుతూ. "నీది ఆరేదాకా ఈయన ఆర్పడు. ఈయనది ఆరేదాకా నువ్వు ఆర్పవు. మరి పదకొండేళ్లుగా మీరిద్దరూ ఎప్పుడు పడుకున్నట్టు?"

"సరిగ్గా పడుకోలేదు," అన్నాడు క్లెమ్ నిజాయితీగా.

నెరిడా నవ్వింది. ముందు ముక్కుతో, తర్వాత నోటితో, తర్వాత బండి సీటు మీద పడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. క్లెమ్ కూడా నవ్వడం మొదలుపెట్టాడు. అతను నవ్వగా చూడటం ఆ షెడ్డులో అందరికీ అదే మొదటిసారి. హేమి వచ్చి అతని వీపు మీద ఒక్కటి చరిచేసరికి పైపులో మిగిలిన నూనె అంతా క్లెమ్ చొక్కా మీద పడింది.

"ఇంతకీ నువ్వు అడగలేదు," అంది నెరిడా కళ్లు తుడుచుకుంటూ. "రేపు మళ్లీ అన్నావు. ఆ రేపు ఎప్పుడు?"

"ఇవాళ," అన్నాడు క్లెమ్. "నెరిడా, నన్ను—"

"ఊఁ. సరే. ఆ చొక్కా మార్చుకో, గొర్రెల్ని తోలుకురావాలి."

మధ్యాహ్నం తుంపర ఆగింది. ఆమె బండి మీద, అతను ట్రక్కులో, తొమ్మిది వందల గొర్రెల్నీ చీకటి పడకముందే కప్పు కిందికి చేర్చారు. బండి ఒక్కసారి కూడా దగ్గలేదు. ట్రక్కు వెనక పెట్టెలు మాత్రం టార్పాలిన్ కింద అలాగే గుంతల్లో ఎగిరెగిరి పడ్డాయి.

మర్నాడు శుక్రవారం భళ్లున ఎండ కాసింది. గొర్రెలు రాత్రంతా కప్పు కింద ఉన్నాయి. ఉన్నిలో చెయ్యి పెడితే గరగరలాడుతోంది. కత్తెరవాళ్లు పద్ధతి ప్రకారం రెండేసి గొర్రెలకి ఉన్ని తీసి చూశారు. పద్ధతి ప్రకారం చీటీలు రాశారు. హేమి టోపీ తీసి గంభీరంగా చదివాడు.

"తడి. తడి. తడి. తడి. తడి. తడి."

నెరిడా దగ్గర్లో ఉన్న గొర్రె వీపు మీద చెయ్యి వేసి చూసింది. వేడిగా, రొట్టె పెచ్చులా ఉంది. పని చెయ్యని రోజుకి కత్తెరవాళ్లకి కూలి రాదని ఆమెకు తెలుసు. ఆరుగురి ముఖాల్లోకీ చూసింది. ఒక్కడూ నవ్వలేదు. నిన్న పొడి అని రాసినవాడైతే మరీ బిగదీసుకుని నిలబడ్డాడు.

"మరీ తడిగా ఉన్నాయి బాస్," అన్నాడు హేమి. "ముట్టుకుంటే జలుబు చేసేట్టుంది. ఊరికే కూర్చోలేం కదా. ఆ ట్రక్కులో పెట్టెలేవో దించాలన్నారు?"

"అవునవును," అంది నెరిడా. "తడే."

పద్దెనిమిది పెట్టెలు దించారు. స్పానర్ల పెట్టె మొయ్యడానికి ముగ్గురు కావాల్సొచ్చింది. ఐరిస్ కేకు చేసింది. మధ్యాహ్నం క్లెమ్ అక్కకి ఫోను చేసి ఈ ఏడు ఆపిల్స్ కొయ్యడానికి రాలేనని చెబితే, ఎందుకని ఆమె అడిగింది. చెప్పాడు. "పదకొండేళ్లు పట్టిందా మూర్ఖుడా," అని ఆమె అరిచిన అరుపు వరండాలో ఉన్నవాళ్లందరికీ వినబడింది.

ఆ రాత్రి మైదానంలో ఒకే దీపం వెలిగింది. అది తొమ్మిదింటికల్లా ఆరిపోయింది.